ఐదు రోజుల తీరయాత్ర: గడ్డపోతారం నుంచి ఉప్పాడ, ఉప్పాడ నుంచి మోటుపల్లి

పటాన్‌చెరు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో, అంటే బందరులో ముగుస్తుంది. గడ్డపోతారం, బొల్లారం, ఖాజీపల్లి కంపెనీలకు సరుకు తెచ్చే లారీలు రోజూ తిరిగే ఈ రోడ్డునే తూర్పుకు పట్టుకుని పోతే బందరు దగ్గర సముద్రం కనిపిస్తుంది. ఇక్కడి నీళ్ల దారి కూడా సముద్రానికే. ఈ చుట్టుపక్కల వాగులు నక్కవాగులో కలుస్తాయి, నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పాయలు యానాం దిగువన, అంతర్వేది దగ్గర కడలిలో పడతాయి. రోడ్డు కృష్ణా డెల్టాకు చేరుస్తుంది, నీరు గోదావరి డెల్టాకు చేరుతుంది. ఈ రెండు డెల్టాలనూ కలుపుతూ కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా పోయేది 216వ నంబరు జాతీయ రహదారి. పొడవు సుమారు 391 కిలోమీటర్లు. పారిశ్రామికవాడ నుంచి ఐదారు రోజులు సెలవు పెట్టుకుని కారులో తీరం వెంట తిరగాలనుకునే కుటుంబానికి తెలుగు నేల మీద ఇంతకంటే మంచి దారి లేదు.

అయితే ఈ దారి గురించి ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కోస్తా రహదారి అని పిలుస్తున్నా దీని మీద చాలా దూరం సముద్రం కనిపించదు. డెల్టా తీరం నది తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడింది. అంచున మడ అడవులు, ఉప్పుటేరులు, రొయ్యల చెరువులు ఉంటాయి. ఒక చోట ఒడ్డు కోసుకుపోతే మరో చోట ఇసుక మేట వేస్తుంది. అలాంటి నేల మీద రోడ్డు నిలవదు. అందుకే రహదారి లోపలికి జరిగి, ఊరినీ ఊరినీ కలుపుతూ పోతుంది. సముద్రం చూడాలంటే ప్రతిసారీ పక్కకు తిరగాలి. బాపట్ల నుంచి సూర్యలంకకు 9 కిలోమీటర్లు, మచిలీపట్నం నుంచి మంగినపూడికి పదికి కాస్త అటూ ఇటూ. అంతర్వేది, హంసలదీవి రహదారికి ఇంకా దూరంగా ఉంటాయి. వెళ్లిన దారినే వెనక్కి రావాలి కాబట్టి ప్రతి మళ్లింపూ రెట్టింపు దూరం అవుతుంది. రహదారి కిలోమీటర్లు మాత్రమే లెక్కేసి రెండు రోజుల్లో చుట్టి రావచ్చనుకునేవారు చివరికి చూసేది రొయ్యల చెరువుల గట్లు, స్పీడ్ బ్రేకర్లే. ఈ దారిలో గంటకు సగటున 40 కిలోమీటర్లు సాగితే బాగా సాగినట్టు. రోజుకు రెండు మళ్లింపులు చాలు. మూడోది పెట్టుకుంటే మొదటి రెండూ పాడవుతాయి.

విడవకుండా సముద్రం పక్కనే సాగే రోడ్డు కావాలనుకునేవారికి విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా సుమారు 25 కిలోమీటర్ల బీచ్ రోడ్డు ఉంది. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, చివరికి గోస్తని నది కడలిలో కలిసే భీమిలి అన్నీ ఆ వరుసలోనే వస్తాయి. వారం రోజులు చేతిలో ఉంటే దాన్నీ కలుపుకోవచ్చు. ఐదు రోజులే ఉంటే విశాఖను మరో యాత్రకు ఉంచుకుని డెల్టాలకే సమయం ఇవ్వడం మంచిది.

తర్వాత తేల్చుకోవలసింది ఏ కొస నుంచి ఏ కొసకు అన్నది. దగ్గరి దారి కదా అని అందరూ ముందు బందరు చేరి, అక్కడి నుంచి పైకి కాకినాడ వైపు వెళ్తారు. తిరగేసి వెళ్లడమే మేలు. మన దేశంలో బండి రోడ్డుకు ఎడమవైపు నడుస్తుంది. తూర్పు తీరాన ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంటే సముద్రం ఎడమచేతి వైపే ఉంటుంది. బీచ్‌కు తిరగాలన్నా, ఒడ్డున ఆపుకోవాలన్నా ఎదురుగా వచ్చే లారీలకు అడ్డం పడనక్కర్లేదు, పిల్లలను దింపినా రోడ్డు దాటించనక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాళ్లు ఒకటో నంబరు రోడ్డు మీద శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ వైపు దిగడానికి ఇష్టపడేదీ ఇందుకే. అక్కడ బండి కుడివైపు నడుస్తుంది, పడమటి తీరం కాబట్టి దిగేటప్పుడు కడలీ కుడివైపే ఉంటుంది. ఆస్ట్రేలియాలో మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా వేసిన గ్రేట్ ఓషన్ రోడ్డును తూర్పు నుంచి పడమరకు నడపమని చెప్పడంలోనూ లెక్క ఇదే. కాబట్టి మొదటి రోజు ఎంత కష్టమైనా కాకినాడ చేరి, అక్కడి నుంచి కిందికి దిగాలి.

కాలం విషయంలో పట్టుదలకు పోకూడదు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. మార్చి వస్తే ఎండ, ఉక్కపోత. మధ్యలో మిగిలేది జనవరి, ఫిబ్రవరి. అందులోనూ సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు విజయవాడ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి. పండుగ దాటాక బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) నాట్లు పచ్చగా ఉంటాయి. పంచాంగం కూడా ఒకసారి చూడాలి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఉత్సవం చూడాలనుకునేవారు ఆ రోజులే ఎంచుకోవాలి. తీరం చూడాలనుకునేవారు ఆ రోజులు తప్పించాలి, ఎందుకంటే ఆ చుట్టుపక్కల గదీ దొరకదు, బండి నిలిపే చోటూ దొరకదు. కార్తీక, మాఘ పౌర్ణములకు మంగినపూడి, సూర్యలంకల్లో సముద్రస్నానాల రద్దీ కూడా అలాంటిదే.

శీతాకాలంలోనైనా అల్పపీడనం పట్టవచ్చు. బయల్దేరే ముందు వాతావరణ శాఖ ప్రకటన, ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు చూసుకోవాలి. ఈ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటో నంబరు దూరాన సముద్రంలో వాతావరణం బాగాలేదని చెబుతుంది. మూడో నంబరు ఎగిరిందంటే ఈదురుగాలులు ఆ రేవు దాకా వచ్చే ప్రమాదం ఉందని అర్థం. 8, 9, 10 మహా ప్రమాద సంకేతాలు. విహారానికి వెళ్లేవారు మూడో నంబరు దగ్గరే ప్రయాణం మానుకోవాలి. గదికి కట్టిన డబ్బు పోయినా ఫరవాలేదు.

సముద్రానికి దాని గడియారం దానికుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ప్రతి రోజూ పోటు వేళ నిన్నటికంటే 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పున్నమికీ అమావాస్యకూ నీరు ఇంకా పైకి వస్తుంది. నదీ సంగమాల దగ్గర ఇసుక మీద బండి నడిపేవారు ఈ లెక్క మరిచిపోతే చక్రాలు దిగబడిపోయి, ట్రాక్టరు కోసం వెతుకుతుండగానే నీళ్లు వచ్చేస్తాయి. సంగమానికి పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు వెళ్లాలి. మడ అడవుల పాయల్లో పడవ తిరగాలంటే మాత్రం పోటు కావాలి. వేళలు ఏ ఊళ్లోనైనా బోటు కట్టే మత్స్యకారులను అడిగితే ఠక్కున చెబుతారు.

చంద్రుణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంటే మంచిది. తూర్పు తీరంలో సూర్యాస్తమయం సముద్రంలో కనిపించదు, సూర్యోదయమే కనిపిస్తుంది. పున్నమి నాడు మాత్రం పొద్దు గుంకే వేళకే నిండు చంద్రుడు నీళ్లలోంచి పైకి వస్తాడు. పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు తీరం చేరేలా చూసుకుంటే స్నానాల రద్దీ లేకుండానే ఆ వెన్నెల దొరుకుతుంది. మరో చిన్న లెక్క కూడా ఉంది. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. గడ్డపోతారం కంటే అక్కడ పావుగంట ముందే తెల్లారుతుంది, పావుగంట ముందే చీకటి పడుతుంది. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. సాయంత్రం ఆరుకల్లా చీకటి. డెల్టాలో కాలువ గట్ల మీది రోడ్లు ఇరుకు, చాలాచోట్ల పక్కన గోడ ఉండదు. చీకట్లో, తెల్లవారుజామున పొగమంచులో అక్కడ బండి నడపకూడదు. రోజు ప్రయాణం సాయంత్రం ఐదుకల్లా ముగించాలి.

మొదటి రోజు కేవలం దూరం తరగడానికే. సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే నగరం తగలదు. తెల్లవారుజామున నాలుగింటికి కదిలితే సూర్యాపేట చుట్టుపక్కల తెల్లారుతుంది. అక్కడి నుంచి దారి ఆగ్నేయానికి పోతుంది. చలికాలం సూర్యుడు పైకి వచ్చేదీ అటే కాబట్టి ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. ఆ ముప్పావుగంట టిఫిన్‌కు వాడుకోవాలి. విజయవాడ, ఏలూరు, తణుకు దాటాక సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ, రావులపాలెం దాటాక జొన్నాడ వంతెన మీద గౌతమి ఎదురవుతాయి. జొన్నాడ దగ్గర తిరిగి మండపేట, రామచంద్రపురం మీదుగా కాకినాడ. మొత్తం ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. పెద్దవాళ్లు వెంట ఉంటే రాజమహేంద్రవరంలో ఆగిపోయి మర్నాడు పొద్దున్నే కాకినాడ చేరవచ్చు.

గడ్డపోతారం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. సి షిఫ్టు చేసి ఉదయం దిగగానే స్టీరింగు పట్టుకునే అలవాటు ఈ ప్రాంతంలో ఉంది. సెలవు ఒక్క పూట కూడా వృథా కాకూడదన్న ఆత్రం అది. రాత్రంతా మేలుకున్న శరీరం హైవే మీద కళ్లు తెరిచే నిద్రపోతుంది. రాత్రి షిఫ్టుకూ ప్రయాణానికీ మధ్య నిండుగా ఒక రాత్రి నిద్ర ఉండాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

రెండో రోజు ఉప్పాడతో మొదలవుతుంది. కాకినాడ నుంచి ఉప్పాడకు పోయే రోడ్డు 216 దారిలో దొరకనిదాన్ని ఇస్తుంది: పక్కనే సముద్రం, మధ్యలో రాళ్ల కట్ట. కొన్ని దశాబ్దాలుగా అలలు ఈ ఒడ్డును కోసుకుపోతున్నాయి, ఊళ్లో ఇళ్లు, గుళ్లు నీళ్లలో కలిసిపోయాయి. అల్పపీడనం పట్టినప్పుడల్లా అలలు రోడ్డెక్కుతాయి, పోలీసులు దారి మూసేస్తారు. అప్పుడు పిఠాపురం మీదుగా వెళ్లాలి. ఉప్పాడ జాంధానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం నడుస్తుంటే చూడనిచ్చే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. కొనకపోయినా కాసేపు నిలబడి చూడదగ్గ పని అది.

కాకినాడ దాటగానే కోరంగి అభయారణ్యం వస్తుంది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. చొల్లంగి వైపు నుంచి మడచెట్ల మధ్యగా చెక్కబాట మీద నడవవచ్చు. దీనికి అవతల, కడలిలోకి సుమారు 16 కిలోమీటర్లు సాగిన ఇసుక దిబ్బే హోప్ ఐలాండ్. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా అడ్డు నిలిచింది అదే. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపాను ముంచెత్తింది. రెండో దెబ్బకు మళ్లీ లేవలేదు. ఈ రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. ఊరు పోయింది, పేరు మాత్రం రంగూన్ దాకా వెళ్లింది.

యానాం 1954 దాకా ఫ్రెంచివారిది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. అక్కడ కొన్న మద్యం కారులో పెట్టుకుని ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తే కేసవుతుంది. యానాం నుంచి ఎదుర్లంకకు గౌతమి మీద బాలయోగి వంతెన. దాటితే కోనసీమ. మురమళ్ల, అమలాపురం, రాజోలు వరుసగా వచ్చే ఈ భాగం మొత్తం యాత్రలో నెమ్మదిగా నడపవలసిన భాగం. కొబ్బరితోటల నీడలో, కాలువ పక్కన, గంటకు ముప్పై దాటకుండా పోతేనే కోనసీమ కనిపిస్తుంది. రాత్రి దిండిలో వశిష్ఠ ఒడ్డున ఆగవచ్చు. ఈ దారిలో హోటళ్లవాళ్లు పులస ఉందంటే నమ్మవద్దు. పులస గోదావరికి ఎదురెక్కేది వరద రోజుల్లో, శ్రావణ భాద్రపదాల్లో.

మూడో రోజు పొద్దున అంతర్వేది. గుడి తర్వాత నది, సముద్రం కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక పక్క గోధుమరంగు గోదావరి నీరు, ఒక పక్క ఉప్పునీరు. ఇక్కడ స్నానానికి దిగకపోవడమే మంచిది, సంగమాల దగ్గర అడుగున లాగు ఎక్కువ. తిరుగుదారిలో రెండు మార్గాలున్నాయి. సఖినేటిపల్లి రేవులో పంటు నడుస్తుంటే బండితో సహా ఎక్కి నరసాపురంలో దిగవచ్చు. లేదంటే దిండి దగ్గరి చించినాడ వంతెన. పిల్లలున్న ఇంటివాళ్లు పంటు కోసం కాసేపు ఆగినా నష్టం లేదు, వంతెన ఎప్పుడూ ఉంటుంది. నరసాపురం లేసు అల్లికకు పేరు. ఇక్కడి నుంచి పేరుపాలెం బీచ్ ఒక మళ్లింపు. ఆ తర్వాత మచిలీపట్నానికి కాస్త ముందు పెడన కలంకారీ. అద్దకం చూడాలంటే పగటి వెలుతురు ఉండగానే చేరాలి, ఎండుతున్న గుడ్డలే అక్కడ చూడవలసినవి. రాత్రికి బందరు. 65వ నంబరు రోడ్డు ముగిసే ఊరు ఇదే. పటాన్‌చెరు జనం తమ రోడ్డు కొసను చూడాల్సిన చోటు. 1864 తుపానులో ఈ ఊళ్లో సుమారు 30 వేలమంది చనిపోయారు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా మంగినపూడి. తర్వాత చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమ. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవికి తిరగాలి. వేణుగోపాలస్వామి గుడి దాటాక పాలకాయతిప్ప తీరం, అక్కడి నుంచి ఇసుక మీద కృష్ణ కలిసే సాగరసంగమం. ఇందాక చెప్పిన పోటు లెక్క తప్పకుండా పాటించవలసిన చోటు ఇదే. సొంత కారు తీరం దగ్గరే వదిలి, స్థానికంగా దొరికే బండిలో పోవడం తెలివైన పని. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఈ దివిసీమలోనే. ఆ నేల మీద విహారానికి తిరుగుతున్నప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. ఆ ఊళ్ల పెద్దవాళ్లు కలిస్తే వినాలి. పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే రేపల్లె, అక్కడి నుంచి బాపట్ల. రాత్రి బస సూర్యలంకలో కుదిరితే పొద్దున లేచి నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం ఉంటుంది.

సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం తీరాల్లో ఏటా ప్రాణాలు పోతున్నాయి. నడుము లోతు నీళ్లలో నిలబడ్డవారిని ఒక్కోసారి వెనక్కి పోయే నీటిపాయ లోపలికి లాగేస్తుంది. అలలు విరగకుండా నీరు నునుపుగా, ముదురురంగులో కనిపించే చోట ఈ పాయ ఉంటుంది. ఈత తెలియనివాళ్లకు అదే శాంతంగా ఉన్నట్టు తోస్తుంది. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ తప్పించుకున్నాకే ఒడ్డు వైపు రావాలి. మోకాలి లోతు దాటకపోవడం అన్నిటికంటే సులువైన జాగ్రత్త.

ఐదో రోజు ఇంటిదారిలో మోటుపల్లి ఉంది. చీరాలకు దక్షిణాన, ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో ఇది ఓరుగల్లుకు సముద్రద్వారం. తుపానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే కాలంలో, గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయశాసనం వేయించి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ శతాబ్దం చివరలో మార్కోపోలో ఈ రేవును ముత్‌ఫిలి పేరుతో రాసుకున్నాడు. తెలంగాణ నడిబొడ్డుకూ ఈ తీరానికీ ఉన్న సంబంధం ఎంత పాతదో చెప్పే రాయి ఆ శాసనమే. అక్కడి నుంచి అద్దంకి చేరి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుంటే విజయవాడ వెళ్లే పని లేదు. వాడపల్లి దగ్గర, మూసీ వచ్చి కలిసే చోట, కృష్ణను మళ్లీ దాటి మధ్యాహ్నం భోజనానికి నల్లగొండ ప్రాంతం చేరవచ్చు.

ఖర్చు లెక్క కష్టమేమీ కాదు. మళ్లింపులతో కలిపి మొత్తం 1,400 నుంచి 1,500 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారుకు వంద లీటర్లకు కాస్త అటూ ఇటూ. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు వార్షిక ఫాస్టాగ్ పాస్ ఉంది, మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు, ఏడాదిలో 200 సార్లు దాటవచ్చు. అది జాతీయ రహదారుల టోల్‌గేట్లకే. ఔటర్ మీద, రాష్ట్ర రోడ్ల మీద చెల్లదు కాబట్టి ఫాస్టాగ్‌లో డబ్బు కూడా ఉంచుకోవాలి. గదులు శని, ఆదివారాలు పడేచోటనే ముందు కుదుర్చుకోవాలి, మిగతా రోజుల్లో దొరుకుతాయి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033, అంబులెన్సుకు 108. ఇల్లు చేరగానే కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, ఉప్పుగాలి ఇనుమును వదలదు.

ఐదు రోజుల యాత్రకు ఆరు రోజుల సెలవు కావాలి. ఆరో రోజు దారిలో వాన పడితే ఆగడానికి, పడకపోతే ఇంట్లో నిద్రపోయి మర్నాడు ఏ షిఫ్టుకు ఎక్కడానికి. సెలవు చీటీలో ఆ రోజు కూడా రాయండి.